కామెర్లని రాస్తే నడుస్తదా?

పోయిన నెల ఒకనాడు పొద్దుగాల ఐదింటికి ఫోన్ మోగింది. గంత పొద్దుగాల ఫోనొస్తే మా ఈడోళ్లకు పాణం ధక్కుమంటది. చూస్తే మా అక్క కొడుకు, అమెరికా వర్జీనియా నుంచి. వాళ్లకు అప్పుడు రాత్రి ఏడున్నర. “మామా, ఎవ్వరికేం కాలే, భయపడకు. ఒక ఫారం నింపుతున్న. ఒక్క ప్రశ్న కాడ చెయ్యి ఆగింది” అన్నడు.

నేను ముప్పై రెండేండ్లు సర్కారు ఆఫీసుల గుమాస్తా కొలువు చేసి రిటైరైన. ఫారాలు నింపుడు, నింపిచ్చుడు, తప్పు నింపినోళ్లను మళ్ల తిప్పుడు, ఇదే నా బతుకు. అందుకే వానికి నేను యాదికొచ్చిన.

ముచ్చటేందంటే, మా అల్లుడు కంప్యూటర్ కొలువు చేస్తడు. అక్కడ పుట్టి పెరిగిన మనోళ్ల పిల్లను చేసుకున్నడు, నిరుడు సిటిజెన్ అయిండు. ఇప్పుడు వాళ్ల కంపెనీ అక్కడి రక్షణ శాఖ పని పట్టింది. ఆ పనిల కూసోవాల్నంటే సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలె. దానికో ఫారం. ఆ ఫారంల ఇరవై ఒకటో భాగం మనసు ఆరోగ్యం గురించి. అండ్ల ఒక ప్రశ్న: మానసిక సమస్యతోని మీరు ఎప్పుడన్నా దవాఖాన్ల చేరిండ్రా?

చేరిండు. ఇంజనీరింగ్ రెండో ఏడుల. నిద్ర లేదు, తిండి లేదు, ఎవ్వరితోని మాట లేదు, ఆఖరికి బతుకొద్దనుకునే దాంక పోతే మా బావ రాత్రికి రాత్రి హైదరాబాద్ తీస్కపోయి ఒక ప్రైవేటు దవాఖాన్ల చేర్పిచ్చిండు. నాలుగు రోజులున్నడు. చుట్టాలకు మాత్రం పచ్చకామెర్లని చెప్పిండ్రు. ఊరి నుంచి ఒక పెద్దమ్మ నేల ఉసిరి పసరు నూరుకొని తెస్తే, లేని రోగానికి మూడు రోజులు ఆ చేదు తాగిండు పాపం. మేనమామనైన నాకే అసలు సంగతి రెండేండ్ల తర్వాత తెలిసింది. మొన్న బావ పోయినప్పుడు కూడ పిల్లగాడు కుంగిపోయిండు. అమెరికాలనే డాక్టర్ను కలిసి ఎనిమిది నెలలు గోలీలు మింగిండు, కౌన్సిలింగ్‌కు పోయిండు, తేరుకున్నడు.

ఇప్పుడు ఆఫీసుల దోస్తు ఏమంటుండంటే, “అన్నిటికీ నో కొట్టు, హైదరాబాద్ కాయితాలు ఇక్కడ ఎవడు జూస్తడు” అని. మా అక్కేమో “కామెర్లని రాయరాదురా, అందరికీ గట్లనే చెప్పినం గదా” అన్నదట. “నడుస్తదా మామా?” అని అడిగిండు.

నాకు వెంటనే జవాబు దొరకలే. రెండు రోజులు టైమడిగి, ఆ ఫారం, దాని ఎనుక ఉన్న నియమాలు ముందరేసుకొని కూసున్న. అవేం రహస్యాలు కావు, ఎవరైనా చదువుకునేటట్టు బయటనే ఉన్నయ్. మనోళ్ల పిల్లలు చాలామంది అటు దిక్కు ఉన్నరు, ఇదే ప్రశ్న కాడ ఇంకా ఎంతమంది చేతులు ఆగుతున్నయో. అందుకే చదివింది చదివినట్టు మీకు చెప్తున్న.

సెక్యూరిటీ క్లియరెన్స్ అంటే సర్కారు రహస్యాలు చూడనిచ్చే అనుమతి. అమెరికాల నలభై లక్షల మందికి అటీటుగ ఆ అనుమతి ఉన్నది. వాళ్లంతా సైనికులు, గూఢచారులే కారు. ఇంజనీర్లు, లెక్కలు చూసేటోళ్లు, కంప్యూటర్లు బాగుచేసేటోళ్లు కూడ ఉంటరు. మామూలుగ సిటిజెన్లకే ఇస్తరు, హెచ్-1 మీదున్నోళ్లకు ఈ బాధ లేదు. అందుకే మొదట పోయిన మనోళ్లకు దీని సంగతి అంతగ ఎరుక లేకుండె. ఇప్పుడు సిటిజెన్లయినోళ్లు, అక్కడ పుట్టిన పిల్లలు పెరిగిండ్రు. వాషింగ్టన్ పక్కపొంటి వర్జీనియా, మేరీల్యాండ్ల సర్కారు పనులు పట్టే కంపెనీలే ఎక్కువ, మనోళ్లు కూడ ఆ చుట్టుపక్కలనే జమైండ్రు.

ఫారం పేరు ఎస్ఎఫ్-86. అచ్చు తీస్తే నూట ముప్పై పేజీలు దాటుతది. ఎక్కడెక్కడ ఉన్నవు, ఏమేం కొలువులు చేసినవు, అప్పులు, కేసులు, మత్తు, పరాయి దేశంల చుట్టాలు, ఆస్తులు, ఏదీ విడిచిపెట్టదు. కరీంనగర్ల అమ్మ, హన్మకొండల ప్లాటు కూడ రాయాలె. ఆ తర్వాత దర్యాప్తు చేసేటోళ్లు వస్తరు. పాత దోస్తులను, ఆఫీసోళ్లను, ఇరుగుపొరుగును అడుగుతరు. ఆఖరికి అన్నీ కలిపి చూసి తేల్చే అధికారి వేరే. ఆయన చేతిల పదమూడు కొలమానాలుంటయ్. 2017 జూన్ నుంచి అన్ని శాఖలకు అవే. అండ్ల ఒకటి మానసిక స్థితి. ఇంకొకటి నడవడిక, అంటే మనిషి నిజం చెప్తడా లేదా అన్నది. మా అల్లుడు ఈ రెండింటి నడుమ ఇరుక్కున్నడు.

ఇరవై ఒకటో ప్రశ్న మొదట ఇట్ల లేకుండె. గడిచిన ఏడేండ్లల్ల మానసిక సమస్య గురించి వైద్యుల కాడికి పోయిండ్రా అని అడిగేది. పోతే చాలు, అవునని రాయాలె. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలల్లకెళ్లి తిరిగొచ్చిన సిపాయిలు ఈ ఒక్క ప్రశ్నకు జడిసి డాక్టర్ గడప తొక్కకుండయిండ్రు. రాత్రిళ్లు నిద్రలేక లేచి కూసునేటోడు, ఫారం ఖరాబైతదని గమ్మున ఉండేది. ఇది చూసి రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ 2008 మే నెలల కొంత సడలించిండు. యుద్ధంల తగిలిన మనసు దెబ్బకు కౌన్సిలింగ్ తీసుకుంటే రాయక్కరలేదన్నడు. 2013ల లైంగిక దాడికి గురైనోళ్లకు కూడ అసొంటి వెసులుబాటే ఇచ్చిండ్రు. చింపిరి బట్టకు అతుకులేసినట్టు ఎన్నాళ్లని వేస్తరు? 2016 నవంబర్ల అసలు ప్రశ్ననే మారుస్తున్నమని ప్రకటించిండ్రు.

ఇప్పుడు అడిగేది ఏందంటే: నీ మంచిచెడ్డలు నువ్వు చూసుకోలేవని కోర్టుగాని, సర్కారు సంస్థగాని ఎప్పుడన్నా తేల్చిందా? మానసిక వైద్యుణ్ని కలువుమని ఎప్పుడన్నా ఆర్డరేసిందా? మానసిక సమస్యతోని ఎప్పుడన్నా దవాఖాన్ల చేరినవా? స్కిజోఫ్రీనియా, బైపోలార్ అసొంటి కొన్ని జబ్బుల పేర్లు చెప్పి, అండ్ల ఏదన్నా నీకున్నదని డాక్టర్ ఎప్పుడన్నా తేల్చిండా? ఇవేవీ కాకుండ, నీ ఆలోచనను, నీ మీద ఉండాల్సిన నమ్మకాన్ని బాగ దెబ్బతీసే సమస్య ఏదన్నా ఉన్నదా?

ఈ ప్రశ్నలను మెల్లగ ఇంకోసారి చదవండ్రి. కౌన్సిలింగ్‌కు పోయినవా అని అండ్ల లేదు. మనసుకు గోలీలు మింగినవా అని లేదు. డిప్రెషన్ పేరు, ఆందోళన పేరు ఆ జాబితాల లేవు. భార్యాభర్తల పంచాయితీకి సలహా తీసుకున్నా, అయ్య పోయిన దుఃఖంల డాక్టర్ను కలిసినా, ఊకెనే దానికోసం అవునని రాసే పని లేదు. పైంగ, వైద్యం చేయించుకున్నంత మాత్రాన క్లియరెన్స్ ఆపరని, బాగుపడేందుకు సాయం తీసుకునుడు మీకు మేలు కూడ చేయొచ్చని ఆ ఫారంలనే రాసి పెట్టిండ్రు. సర్కారు ఫారంల గింత మెత్తటి మాట ఉండుడు నా సర్వీసుల నేనైతే చూడలే.

మరి మాటకు, చేతకు పొంతన ఉన్నదా? రక్షణ శాఖ దిక్కు 2012 నుంచి 2020 దాంక 54 లక్షల ఫైళ్ల మీద నిర్ణయాలు చేసిండ్రు. అండ్ల మానసిక స్థితి ముచ్చట వచ్చినవి దగ్గరదగ్గర 97 వేలు. కేవలం ఆ ఒక్క కారణం మీద క్లియరెన్స్ రానోళ్లు, ఉన్నది పోయినోళ్లు కలిపి 62 మంది. నేను మూడుసార్లు చదివిన, అరవై రెండే.

అయితే ఈ 62ను పట్టుకొని చప్పట్లు కొట్టుడు నాకు ఇష్టం లేదు. మానసిక కారణానికి అప్పో, తాగుడో తోడై పోయిన కొలువులు ఈ లెక్కల రావు. ఫైలు నెలలకు నెలలు ఆగితే కంపెనీ ఇంకొకణ్ని పెట్టుకున్న కథలు రావు. భయపడి దరఖాస్తే పెట్టనోళ్లు అసలే రారు. రిజిస్టర్ల సంతకం పెట్టినోడే గుమాస్తాకు కనవడతడు, గేటు కాడికెళ్లి ఎనుకకు మర్రినోడు కనవడడు. గంత తీసేసి చూసినా ఒక్క సంగతి మాత్రం నిలవడతది. మనసు వైద్యం పేరు చెప్తే కొలువు ఖతం అనే మాట, జనం నోట్ల ఉన్నంత నిజం కాదు.

ఇగ అబద్ధం దిక్కు చూద్దాం. నడవడిక గురించి చెప్పే కొలమానంల ముందుగల్లనే ఉన్నది: ఫారంల ముఖ్యమైన సంగతి కావాలని దాచుడు, వదిలేసుడు, తప్పుగ రాసుడు. మర్చిపోవుడు వేరు, కావాలని దాచుడు వేరు, ఆ తేడాను వాళ్లు చూస్తరు. కావాలని దాసినట్టు తేలితే క్లియరెన్స్ పోవుడే కాదు, అక్కడి చట్టం ప్రకారం ఐదేండ్ల దాంక జైలు కూడ పడొచ్చు. ఆ ముక్క ఫారం మీదనే ఉంటది.

రెండు కొలమానాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అసలు ముచ్చట సమజైంది. మానసిక స్థితి కిందికి వచ్చే సమస్యకు బయటపడే తొవ్వలు మస్తుగున్నయ్. వైద్యంతోని అదుపుల ఉంటదా, మనిషి వైద్యాన్ని సరిగ్గ పాటిస్తుండా, తనంతల తానే సాయం అడిగిండా, డాక్టర్ ఏమంటుండు, అది ఒకప్పటి కష్టమై ఇప్పుడు తీరిపోయిందా, ఇవన్నీ మనిషికి అనుకూలంగనే లెక్కలేస్తరు. అబద్ధానికి అన్ని తొవ్వలు లేవు. ఉన్నవాట్ల పెద్దది ఏందంటే, వాళ్లు పట్టుకోకముందే నీ అంతల నువ్వే పోయి “తప్పు రాసిన” అని దిద్దుకునుడు. పట్టుబడ్డంక ఒప్పుకునుడుకు గంత విలువ లేదు. రోగానికి డాక్టర్ చీటీ రాస్తడు. అబద్ధం చెప్పినోనికి ఎవరు రాస్తరు?

ఈ విషయంల పెద్ద తీర్పు 1988ల వచ్చింది. థామస్ ఈగన్ అని ఒకాయన వాషింగ్టన్ రాష్ట్రంల జలాంతర్గాములు బాగుచేసే నౌకాదళ కేంద్రంల కూలిపని చేసేది. క్లియరెన్స్ ఇయ్యలేదు, కొలువు పోయింది. పాత నేరాలు, తాగుడు అన్నీ ఉండె, వాటితోని పాటు ఇంకో రెండు పాత కేసులు ఫారంల రాయలేదన్నది కూడ కారణాలల్ల ఒకటి. సుప్రీంకోర్టు ఏమన్నదంటే, క్లియరెన్స్ ఎవ్వరికీ హక్కు కాదు, ఇచ్చుడు ఇయ్యకపోవుడు సర్కారు విచక్షణ, దాని మంచిచెడ్డల్ల బయటోళ్లు వేలుపెట్టలేరని. అంటే అక్కడ అనుమానం వస్తే అది సర్కారు దిక్కే మొగ్గుతది, నీ దిక్కు కాదు. అసొంటి కాడ నమ్మకాన్ని నీ చేతులతోని నువ్వే పోగొట్టుకుంటే ఇగ నిలవడేది దేని మీద?

అల్లుని దోస్తు మాట ఇంకా మిగిలే ఉన్నది: ఎవడు జూస్తడు? నిజం చెప్పాల్నంటే, చూడకపోవచ్చు. హైదరాబాద్ల ఏండ్ల కిందటి నాలుగు రోజుల కేసు షీటు వర్జీనియా దాంక పోతదని నేను కూడ అనుకుంటలేను. కని పట్టుబడుడు ఒక్కటే కాదు ఇక్కడి సంగతి. క్లియరెన్స్ ఇచ్చేటోడు అడిగే మొదటి ప్రశ్న ఏందంటే, ఈ మనిషి మెడ మీద ఇంకొకడు చెయ్యి పెట్టి ఒత్తేందుకు ఏమన్న దొరుకుతదా అని. దాచిన ముచ్చట అట్ల దొరికేదే. పెండ్లాంకు ఎరుక, అమ్మకు ఎరుక, కాలేజీ రూమ్మేట్‌కు ఎరుక, సర్కారుకే ఎరుక లేదు. అప్పుడు ఆ నలుగురిల ఎవరు ఎప్పుడు కోపానికొచ్చినా నీ కొలువు వాళ్ల చేతిల ఉన్నట్టే. అదే ముచ్చట నువ్వే రాసినవనుకో, ఎవడు బెదిరిస్తడు? “చెప్పుకో పో, నేను ముందే చెప్పిన” అంటవు. పైంగ ఈ అబద్ధం ఒక్కసారి చెప్తే అయిపోయేది కాదు. క్లియరెన్స్ ఉన్నోళ్ల మీద నజర్ ఎప్పటికీ ఉంటది, మళ్లమళ్ల అడుగుతనే ఉంటరు. అడిగిన ప్రతిసారి కామెర్లు యాది పెట్టుకోవాలె.

ఈ బెదిరింపు వాదాన్ని నేను ఒప్పుకుంటున్ననని దీని చరిత్ర అంతా శుభ్రమైందని అనుకోవద్దు. 1953ల ఐసన్‌హోవర్ ఇచ్చిన ఉత్తర్వు మానసిక జబ్బును భద్రతకు అడ్డమైన సంగతులల్ల లెక్కేసింది. అదే ఉత్తర్వు స్వలింగ సంపర్కులను వికృతులని పేరు పెట్టి వేలమందిని కొలువులల్లకెళ్లి ఎల్లగొట్టేందుకు సాధనమైంది. ఫ్రాంక్ కామెనీ అనే ఖగోళ శాస్త్రవేత్త, హార్వర్డ్ల డాక్టరేట్ చేసినాయన, 1957ల సైన్యం మ్యాపుల శాఖ నుంచి అట్లనే బయటవడ్డడు. ఈళ్లను ఎందుకు తీసేస్తున్నరంటే, వాళ్ల గుట్టు పట్టుకొని శత్రువు బెదిరిస్తడని చెప్పేది. ఆ గుట్టు గుట్టుగ ఉండేటట్టు చేసిందే సర్కారు గదా! బయటపడితే కొలువు తీస్తనని నువ్వే అంటవు, బయటపడొద్దని భయపడుతుండు గాబట్టి నమ్మనని మళ్ల నువ్వే అంటవు. కామెనీకి సర్కారు క్షమాపణ చెప్పేసరికి 2009 వచ్చింది. 1995ల క్లింటన్ కొత్త ఉత్తర్వు తెచ్చి, కౌన్సిలింగ్‌కు పోయినంత మాత్రాన మనిషి మీద చెడుగ అనుకోవద్దని రాసిండు. రాసిన ఇరవై ఒక్క ఏండ్లకు గాని ఫారంల ప్రశ్న మారలే. అంటే జనం భయం గాలికి పుట్టింది కాదు. సర్కారు చేసిన పనులల్లకెళ్లే పుట్టింది, సర్కారు మారినా భయం ఇంకా మారలే.

భయంతోని నోరు మూసుకుంటే ఎట్లుంటదో ఇంకో కథ చెప్తది. 2013 సెప్టెంబర్ 16న వాషింగ్టన్ నేవీ యార్డుల ఆరన్ అలెక్సిస్ అనే కాంట్రాక్టు ఉద్యోగి కాల్పులు జరిపి 12 మందిని చంపిండు. వాళ్లల్ల ఒకాయన మన దేశంల పుట్టినాయన. అలెక్సిస్‌కు సీక్రెట్ క్లియరెన్స్ ఉండె. 2004ల సియాటెల్ల ఒకరి కారు టైర్లు తుపాకితోని కాల్చిన కేసుల అరెస్టయిండు, ఆ ముచ్చట ఫారంల రాయలే. దర్యాప్తు చేసినోళ్ల నివేదికల తుపాకి ముచ్చటే లేకుండ పోయింది. కాల్పులకు ఆరు వారాల ముందు రోడ్ ఐలండ్ల పోలీసులకు తనకు గొంతులు వినవడుతున్నయని, ఎవరో ఎంటవడుతున్నరని చెప్పిండు. క్లియరెన్స్ చూసేటోళ్ల దాంక అది చేరలే. అదే ఆగస్టుల రెండుసార్లు దవాఖానకు పోయి నిద్ర పడుతలేదని మాత్రం చెప్పిండు, డిప్రెషన్ ఉన్నదా అంటే లేదన్నడు. ఎందుకు చెప్పలేదో ఆయనతోనే పోయింది, నేను ఊహించి చెప్పను. మానసిక జబ్బు ఉన్నోళ్లంతా గిట్ల చేస్తరని కూడ ఈ కథ చెప్పదు, చాలామంది ఎవ్వరికీ హాని చేయరు. ఇండ్ల నాకు కనవడ్డది ఒక్కటే: చెప్పుకున్నోళ్ల వల్ల జరిగిన నష్టం కాదు ఇది. చెప్పనిదాని వల్ల, విన్నోళ్లు పైకి చెప్పనిదాని వల్ల జరిగింది.

ఇప్పుడు మన ఇండ్లల్లకు వద్దాం. హైదరాబాద్ చుట్టుపక్కల పెరిగినోళ్లకు ఎర్రగడ్డ అంటే ఒక బస్తీ పేరు కాదు, ఒక తిట్టు. అక్కడున్న మానసిక చికిత్సాలయం ఎంతమందిని బాగుచేసిందో ఎవ్వరూ చెప్పరు. “నిన్ను ఎర్రగడ్డకు పంపాలె” అని మాత్రం పిల్లల కాడికెళ్లి ముసలోళ్ల దాంక అందరం అన్నోళ్లమే, నేనూ అన్న. గా మాటల నడుమ పెరిగిన పోరడు అమెరికా పోయినంక ఒక ఫారం ముందర ఒక్కసారిగ నిజం రాయాల్నంటే ఎట్ల రాస్తడు?

మనోళ్లు చేసే ఇంకో రెండు పనులు ఈ ఫారంతోని కొట్లాటకొస్తయ్. ఒకటి, ఇక్కడ మందుల షాపుల దొరికే నిద్రగోలీల స్ట్రిప్పులు సూట్‌కేసుల వేసుకపోవుడు, ఎవరికి నిద్ర రాకుంటే వాళ్లకు తలా ఒకటి పంచుకునుడు. అక్కడ డాక్టర్ రాయని మందు ఇష్టమొచ్చినట్టు వాడుడు వేరే ప్రశ్న కిందికి, మత్తు పదార్థాల భాగం కిందికి వస్తది. డాక్టర్ కాడికి సక్కగ పోయి మందు తీసుకున్నోనికి లేని తిప్పలు, చాటుకు మింగినోనికి వస్తయ్. రెండోది, “మంచిగైనవు గదా, ఇగ గోలీలు ఆపేయ్” అని ఇంటోళ్లు చెప్పుడు. ఆ కొలమానాలల్ల మానసిక జబ్బుకు డాక్టర్ చెప్పిన వైద్యాన్ని పాటించకపోవుడు కూడ ఒక అభ్యంతరంగ రాసిండ్రు. మందు మింగుడు తప్పు కాదక్కడ, చెప్పకుండ ఆపుడే తప్పు.

మన దేశంల కూడ ఈ సూత్రం పెద్దగ వేరు కాదు. సర్కారు కొలువుల చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారం మీద, సంగతులు దాస్తే అనర్హులైతరని ముందే ఉంటది. చిన్న కొట్లాట కేసు దాచి కొలువు పోగొట్టుకున్న పిల్లలను నా సర్వీసుల చూసిన. కేసు చెప్తే పోయేది కాదు, దాచినందుకు పోయింది. 2016ల అవతార్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు దీని మీదనే తీర్పిచ్చింది. దాచింది ఎంత చిన్నది, ఎంత పెద్దది అన్నది చూడాలె, చిల్లర ముచ్చట అయితే అధికారి క్షమించొచ్చు, అయితే ఫారంల అడిగిందానికి నిజం చెప్పుడు అభ్యర్థి బాధ్యత అన్నది. వాళ్ల ఫారంల ప్రశ్నలు ఎక్కువ, మన ఫారంల తక్కువ, గంతే తేడా.

రెండు రోజులైనంక అల్లునికి నేనే ఫోన్ చేసిన. ముందుగల్ల ఆ నాలుగు రోజుల కాయితం కావాలన్న. మా అక్క బీరువాల పట్టుచీరెల కింద దాచిన డిశ్చార్జి షీటు తీసింది. గిన్నేండ్లు దాన్ని చింపకుండ ఎందుకు దాచిందో ఆమెకే ఎరుక. దాని మీద తీవ్రమైన డిప్రెషన్ అని ఉన్నది. ఫారం పేరు పెట్టి అడిగిన జబ్బులల్ల అది లేదు. అంటే జబ్బుల ప్రశ్నకు కాదు అని, దవాఖాన్ల చేరిన ప్రశ్నకు అవును అని. అవునంటే తేదీలు, దవాఖాన పేరు, ఇష్టపడి చేరినవా, బలవంతంగ చేర్పిచ్చిండ్రా అని అడుగుతది. ఉన్నది ఉన్నట్టు రాయాలె. నాయిన పోయినప్పుడు మింగిన గోలీల సంగతి ఆ ఫారం అడుగలే, దాన్ని కొసరేసి రాసే పని లేదు. మనోళ్లల్ల ఇదొకటి ఉన్నది, దాస్తే మొత్తం దాస్తరు, చెప్తే బొడ్డూడిన కాడికెళ్లి చెప్తరు. రేపు అధికారి ఎదురుంగ కూసొని అడిగితే మాత్రం సక్కగ చెప్పాలె.

అవునని రాస్తే ఒక ఒప్పుకోలు కాయితం మీద కూడ సంతకం అడుగుతరు. దానితోని వాళ్లు డాక్టర్ను ముఖ్యంగ అడిగేది, ఈ మనిషి తీర్పును, నమ్మకాన్ని దెబ్బతీసే సమస్య ఏదన్నా ఉన్నదా, ఉంటే ముందు ముందు ఎట్లుంటది అని. మా అల్లునికి ఇప్పుడున్న డాక్టర్ దాన్ని చూసి, రాసిచ్చేందుకు ఇబ్బందేం లేదన్నడట. ఒకవేళ అభ్యంతరం వస్తే, కాంట్రాక్టు ఉద్యోగులకు కారణాలు రాసి పంపుతరు, జవాబుకు 20 రోజులు ఇస్తరు. అప్పుడు మామను కాదు, ఈ పని తెలిసిన వకీలును అడుగుమన్న.

ఒక్క మాట వాడు ఫోన్ల అడిగింది ఇంకా నా చెవులల్ల ఉన్నది. “మామా, ఈ అవునుతోని ఆగిపోతే?” అన్నడు. ఆగొచ్చురా అన్న. పని ఆలస్యం కావొచ్చు, ఆ సీటు ఇంకొకనికి పోవొచ్చు. నేను హామీ ఇయ్యలేను, ఎవ్వరూ ఇయ్యలేరు. కని ఇంకోసారి నీకు పాణం బాగలేనప్పుడు డాక్టర్ కాడికి పోవాల్నా వద్దా అని ఫారం దిక్కు చూసే బతుకు మాత్రం ఉండదు. (మనసు బాగలేనోళ్లు ఇది చదువుతుంటే, ఇక్కడైతే 14416, అమెరికాల అయితే 988. ఆ ఫోన్ చేసిండ్రా అని కూడ ఏ ఫారం అడుగుతలేదు.)

పోయిన ఆదివారం ఫారం పంపిండు. అవునని రాసిండు. ఇంకా జవాబు రాలే, నెలలు పడుతదట.

మా అక్క నిన్న ఇంటికొచ్చింది. చాయ్ చల్లారేదాంక ఏం మాట్లాడలే. “తమ్మీ, వాడు అంతా రాసిండట గదా. రేపు ఎవరన్నా నన్ను అడిగితే ఏం చెప్పాలె?” అన్నది.

“ఏమైందో అదే చెప్పక్కా.”

కొద్దిసేపు ఊకున్నది. “ఆ నేల ఉసిరి పసరు తెచ్చిన పెద్దమ్మకు కూడనా?”